రూపాయి తొంభై దాటింది, మా ప్లాంటు ఉత్పాదకత కూడా పెరిగిందట

నలభైకౌంట్ (భీమవరం దగ్గర), 2025 డిసెంబరు

నేను రొయ్యల ప్లాంట్లో అకౌంట్స్ చూస్తాను. ఏ ప్లాంటో అడక్కండి. మొన్న సోమవారం మీటింగులో మా మేనేజరుగారు తెర మీద ఒక గ్రాఫు బొమ్మ వేశారు. అక్టోబరు, నవంబరు రెండు నెలల్లో మనిషికి అమ్మకం నిరుటి కంటే ఆరు శాతం పెరిగింది, ఇదంతా మన ఫ్లోరు వాళ్ళ కష్టం అన్నారు. అందరం చప్పట్లు కొట్టి సమోసాలు తిని లేచాం. సీటుకొచ్చాక నాకు అనుమానం పట్టుకుంది. నిరుడు ఆ రెండు నెలల్లో మా బిల్లులకి డాలరుకి సగటున 84 రూపాయల 20 పైసలు పడింది. ఈసారి 88 రూపాయల 60 పైసలు. అంటే ఎవరూ చెయ్యి కదపకుండానే అయిదు శాతం వచ్చేసింది.

సరే కదా అని రిజిస్టర్లు తీసి, ప్యాకింగ్ అయిన సరుకు కిలోల్ని మొత్తం పనిగంటలతో భాగించాను. నిరుడు మనిషి గంటకి 6.4 కిలోలు. ఈసారి 6.1. పెరగడం మాట దేవుడెరుగు, తగ్గింది.

ఇది మా ఒక్కళ్ళ సంగతేనా, రూపాయి పడ్డ ప్రతిసారీ అందరి లెక్కలూ ఇలాగే ఉబ్బుతాయా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


గట్టుమీదగాలి (పాలకొల్లు, ప్రస్తుతం హైదరాబాద్)

ఇందులో బాధపడేదేముంది బ్రో. రూపాయి పడితే ఎగుమతిదారుకి మంచిదే. మన సరుకు బయటివాడికి చవకవుతుంది, ఆర్డర్లు పెరుగుతాయి, ప్లాంటు ఫుల్ కెపాసిటీలో నడుస్తుంది, అప్పుడు ఉత్పాదకత దానంతటదే పెరుగుతుంది. నన్నడిగితే తొంభై కాదు, వంద అయినా మంచిదే.


ఉప్పుటేరురైతు

వంద అయితే మేత ఎంతవుతుందో కూడా చెప్పు నాయనా. నాకు పదెకరాల చెరువులున్నాయి, వనామీ రకం రొయ్య వేస్తాను. తల్లి రొయ్యలు అమెరికా నుంచి విమానంలో రావాలి, చెన్నైలో క్వారంటైన్ అయ్యాక రొయ్య పిల్లల్ని తీసే హేచరీలకి వెళ్ళాలి. ఆ ఖర్చు డాలర్లలో, మాకొచ్చే పిల్ల ధర రూపాయల్లో. మేతలో కలిపే విటమిన్లు, ఖనిజాలు చాలావరకు బయటివే. సోయా ఇక్కడే పండినా దాని రేటు ప్రపంచం రేటు చూసే లేస్తుంది. 2021లో సోయా చెక్క కొండెక్కితే ప్రభుత్వమే పన్నెండు లక్షల టన్నుల దిగుమతికి ఒప్పుకోవాల్సి వచ్చింది కదా. పంట ఖర్చులో సగం పైన మేతే మాకు.

డాలరు పెరిగిందని మేత రేటు పెంచుతూ ఉత్తరం వస్తుంది. డాలరు పెరిగిందని కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో చూసి మాకిచ్చే ధర) పెంచుతూ ఎవరూ ఉత్తరం రాయరు. అడిగితే అమెరికాలో స్టాకు ఉండిపోయింది అంటారు, లేకపోతే టారిఫ్, అంటే అక్కడి దిగుమతి సుంకం, అంటారు. మా ఊళ్ళో ఈ సీజను మూడు చెరువులు ఖాళీగా ఎండబెట్టారు. నలభైకౌంట్ గారూ, మీ ప్లాంటుకి సరుకు తగ్గితే అది మా ఎండిన చెరువుల దగ్గర మొదలైందని కూడా రాసుకోండి.


లేసుఅల్లిక (నరసాపురం)

గట్టుమీదగాలి గారు, చవకవుతుంది సరే, ఆ చవక ఎవరి జేబులోకి వెళ్తుందో నేను చెప్తాను. మా అత్తగారి కాలం నుంచీ లేసు పనే మాది. ఆర్డర్లు పట్టేది, సరుకు పంపేది నేనే. అల్లేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళల్లో ఉంటారు, పీసుకి ఇంత అని కూలి. బయటి కొనుగోలుదారు పేపరు చదవడనుకోకండి. రూపాయి పడ్డ వారంలో మెయిల్ వచ్చేస్తుంది: మీ కరెన్సీ తగ్గింది కాబట్టి పాత ధర మీద అయిదు శాతం తగ్గించండి అని. కాదంటే ఇంకో ఊరు, ఇంకో దేశం చూసుకుంటాడు. ఇస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

పోనీ రూపాయి బలపడినప్పుడు వాడు పెంచుతాడా? 2007లో డాలరు 44 దగ్గర నుంచి 39కి వచ్చేసింది, గుర్తున్నవాళ్ళుంటారు. అప్పుడు నేనే రాశాను, ధర కొంచెం పెంచండి అని. ఒక్కళ్ళూ జవాబు ఇవ్వలేదు. ఒప్పుకున్న ఆర్డరు, నష్టానికే పంపించాం. ఆ ఏడాది అల్లేవాళ్ళ కూలి పెంచలేకపోయాను, మంచి చెయ్యి ఉన్న నలుగురు మానేసి రొయ్యల షెడ్డుకి పోయారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. చెయ్యి తిరిగిన మనిషి ఒక రోజులో అల్లేదాన్ని కొత్త పిల్ల మూడు రోజులు అల్లుతుంది, అందులోనూ సగం విప్పించాలి. మీరు ఉత్పాదకత అంటున్నది ఇదే అయితే, మాది ఆ నలుగురితోనే పోయింది.


లెక్కలమాస్టారు (రాజమండ్రి)

కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

లేసమ్మాయి చెప్పినదానికి శాస్త్రంలో కూడా ఆధారం ఉంది. పాఠ్యపుస్తకంలో రూపాయి పడగానే మన సరుకు బయట చవకవుతుంది, నిజమే. కానీ మన బిల్లు రూపాయల్లో ఉంటే కదా అది. రొయ్యలైనా, బియ్యమైనా, లేసైనా మనం బిల్లు వేసేది డాలర్లలో. గీతా గోపీనాథ్ లాంటి ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి చూపించింది ఇదే, ప్రపంచ వ్యాపారంలో చాలా ధరలు డాలర్లలో కట్టి ఉంటాయి, కాబట్టి ఒక దేశం కరెన్సీ పడినంత మాత్రాన దాని అమ్మకాలు వెంటనే ఉరకవు. ముందు పెరిగేది ఎగుమతిదారు మార్జిను, తర్వాత కొనేవాడు బేరమాడి దాంట్లో తన వాటా లాక్కుంటాడు. దిగుమతి సరుకు మాత్రం ఆ రోజే ప్రియమవుతుంది.

నలభైకౌంట్ బాబూ, నీ ప్లాంటు లెక్క దేశం లెక్కలోనూ కనిపిస్తుంది. 2023-24లో మన దేశం 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది, విలువ 60,523 కోట్లు. 2024-25లో 16.98 లక్షల టన్నులు, విలువ 62,408 కోట్లు. టన్నులు తగ్గాయి, కోట్లు పెరిగాయి. డాలర్లలో చూస్తే 7.38 బిలియన్ల నుంచి 7.45, అంటే ఒక్క శాతం. రూపాయల్లో మూడు శాతం. ఆ మధ్యనున్న రెండు శాతం ఎవరి కష్టమూ కాదు.

ఇంకొకటి. రొయ్యల్లో మనకి అసలు పోటీ ఎవరు? ఈక్వడార్. ఆ దేశానికి సొంత కరెన్సీయే లేదు. 2000లో సుక్రే అని వాళ్ళ నోటు ఒక డాలరుకి పాతిక వేలకి దిగిపోతే, దాన్ని వదిలేసి అమెరికా డాలరునే వాడుకుంటున్నారు. అంటే కరెన్సీ పడి లాభం రావడం అన్నది వాళ్ళకి పాతికేళ్ళుగా లేదు. అయినా 2022లో పది లక్షల టన్నులు దాటి రొయ్యలు ఎగుమతి చేశారు. ఆ రోజుల్లో మన ఫ్రోజెన్ రొయ్య ఏడు లక్షల టన్నుల చిల్లర. కరెన్సీ అడ్డం పెట్టుకోవడానికి వీల్లేదు కాబట్టే ఆటోమేటిక్ మేత యంత్రాలు, సొంత విత్తన అభివృద్ధి, చెరువు నుంచి ప్లాంటు దాకా ఒకే యాజమాన్యం, ఇలాంటివాటి మీద పడ్డారని నా అభిప్రాయం. వాదించేవాళ్ళు వాదించవచ్చు.


గట్టుమీదగాలి

మాస్టారూ నమస్తే. ఈక్వడార్ పాయింటు బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ అమెరికాకి దగ్గర, మనకన్నా టారిఫ్ తక్కువ, సముద్రం పక్కనే భూములు, ఇవన్నీ ఉన్నాయి కదా వాళ్ళకి. మొత్తం క్రెడిట్ కరెన్సీ లేకపోవడానికి ఇచ్చేస్తే ఎలా.


లెక్కలమాస్టారు

మొత్తం ఇవ్వలేదు నాయనా. కరెన్సీ పడకపోతే బతకలేం అన్నవాళ్ళకి మాత్రమే జవాబు అది.


బార్జిబాబు (కాకినాడ)

బియ్యం వైపు నుంచి ఒక మాట. మాది కాకినాడ యాంకరేజి పోర్టు, బార్జీల్లో, అంటే చదునైన సరుకు పడవల్లో, బస్తాలు వేసి లోతు నీళ్ళల్లో ఉన్న ఓడ దగ్గరికి తీసుకెళ్ళి ఎక్కిస్తాం. పశ్చిమ ఆఫ్రికాకే ఎక్కువ. మా దగ్గర రూపాయి, డాలరు మాత్రమే చూస్తే సరిపోదు. కొనే దేశం కరెన్సీ చూడాలి, పోటీ దేశం కరెన్సీ చూడాలి. 2023లో పాకిస్తాన్ రూపాయి డాలరుకి మూడొందలు దాటింది, 2023-24లో వాళ్ళ బియ్యం ఎప్పుడూ లేనంత పోయింది. గట్టుమీదగాలి గారు చెప్పింది అక్కడ నిజమైంది. నైజీరియా తన కరెన్సీ నైరా రేటుని 2023 జూన్‌లో మార్కెట్‌కి వదిలేస్తే అది కొన్ని నెలల్లో సగానికి పడింది, కొనేవాడి చేతిలో డాలర్లే లేకపోతే మన రేటు ఎంత తగ్గించినా ఏం లాభం.


ఉప్పుటేరురైతు

పాకిస్తాన్ బియ్యం పోయింది వాళ్ళ రూపాయి పడినందుకు కాదు బాబూ. 2023 జులైలో మనవాళ్ళు తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద ఇరవై శాతం సుంకం వేశారు. మనం దుకాణం మూసేస్తే పక్క దుకాణానికి గిరాకీ రాదా? మా బావమరిది మిల్లు మండపేట దగ్గర, ఆ ఏడాది ఆయన ఎంత టెన్షన్ పడ్డాడో నాకు తెలుసు.


బార్జిబాబు

అది నిజమే బాబాయ్, మర్చిపోలేదు, రాయలేదంతే. రెండూ కలిశాయి. ఏది ఎంత అని విడదీసే తూకం నా దగ్గర లేదు. మనది ఆగినన్నాళ్ళు మా హమాలీలకి వారంలో మూడు రోజులే పని దొరికింది. ఓడ ఎక్కించే జట్టు కుదురుకోవడానికి ఏడాది పడుతుంది, చెదిరిపోవడానికి నెల చాలు.


గోదారిగట్టుకుర్రాడు

ఇదంతా ఫలానా పార్టీ వల్లే. 2013లో 68 అయినప్పుడు గగ్గోలు పెట్టినవాళ్ళు ఇప్పుడు ఏం మాట్లాడరేం?


నిర్వాహకుడు

పార్టీల గొడవ వేరే చోట పెట్టుకోండి. ఇక్కడ రూపాయి, పని, అంతే. దీని కిందున్న పదకొండు జవాబులు తీసేశాను.


బల్లనంబర్7

నేను వేరే ప్లాంటులో పీలింగ్ సూపర్‌వైజర్‌ని. నలభైకౌంట్ గారూ, మీ 6.4, 6.1 లెక్కలో ఒక తప్పుంది. మనిషికి అమ్మకం ఆరు శాతం పెరిగింది, కిలోలు తగ్గాయి, డాలరు అయిదే శాతం పెరిగింది అంటున్నారు. అంటే కిలోకి డాలర్లలో కూడా ఎక్కువ వచ్చింది. అంటే మీరు ఈసారి హెడ్‌లెస్ తగ్గించి పీల్డ్ ఎక్కువ చేశారన్నమాట. తల తీసి పడేయడానికి పట్టే టైము వేరు, తోలు తీసి, నరం లాగి, తోక ఉంచి ఇవ్వడానికి పట్టే టైము వేరు. అన్నీ కలిపి భాగిస్తే కిలోలు తగ్గక ఏమవుతాయి. మా ఆడవాళ్ళని తప్పుపట్టే ముందు రకం రకంగా విడదీసి చూడండి.

రూపాయి సంగతి అడిగారు కాబట్టి నేను కళ్ళారా చూసింది చెప్తాను. మా దగ్గర ఉదయం ఆరింటికి బస్సుల్లో దిగుతారు. గమ్ బూట్లు, యాప్రాన్, తలకి నెట్, చేతులు క్లోరిన్ నీళ్ళల్లో ముంచి లోపలికి. బల్లకి పన్నెండుమంది. ఒక్కో రోజు ఏడున్నర అయినా సరుకు లారీ రాదు. నవంబరులో ఒక రోజు ఇలాగే కూర్చున్నాం. ఐసు తెచ్చి పోశారు, అది బల్ల మీద కరిగి కాలవలోకి పోయింది, మళ్ళీ పోశారు. పైకెళ్ళి కనుక్కుంటే, డాలరు ఇంకా పెరిగేలా ఉంది, కొనేవాడితో ధర తేలలేదు, ఇవాళ చెరువు రేటు ఒప్పుకోవద్దన్నారట. మధ్యాహ్నం మూడున్నరకి మార్కెట్ మూసేదాకా ఆఫీసులో అందరూ ఫోను చూస్తూ కూర్చున్నారు, కింద రెండొందలమంది చేతులు ముడుచుకుని కూర్చున్నారు. కిలోకి ఇంత అని కూలి కాబట్టి కంపెనీకి కూలి ఖర్చు పడలేదు. అందుకే ఆ రోజు ఏ లెక్కలోనూ కనపడదు. బస్సు డీజిలు, ఐసు, అమ్మోనియా కంప్రెసర్ కరెంటు మాత్రం ఎవరో కట్టాల్సిందే. మా వాళ్ళకి ఆ రోజు చేతికొచ్చింది టీ, బన్ను.


నలభైకౌంట్

బల్లనంబర్7 గారూ, సిగ్గుగా ఉంది. మీరన్నది నిజమే, పీల్డ్ ఎక్కువ చేశాం. రకం రకంగా మళ్ళీ తీస్తాను, నాలుగు రోజులు టైమివ్వండి. ఎవరినీ తప్పుపట్టాలని కాదండీ.

ఈలోపు ఒకటి అడుగుతున్నా. చాలామంది ఫార్వర్డ్ బుక్ చేసుకోవచ్చు కదా అంటారు. తెలియనివాళ్ళ కోసం: కొన్ని నెలల తర్వాత వచ్చే డాలర్లని ఇవాళే ఒక రేటుకి బ్యాంకుకి అమ్మేయడం. రూపాయి ఎటుపోయినా మన రేటు మనకి ఉంటుంది. మా ఓనరుగారు సగం బుక్ చేస్తారు, సగం గాలికి వదిలేస్తారు. ఎందుకంటే మే మొదట్లో డాలరు 84 దగ్గరున్నప్పుడు మొత్తం బుక్ చేసినవాళ్ళు, డిసెంబరులో 90 దాటేసరికి పక్కవాడి లాభం చూసి ఏడ్చారు. నష్టం రాలేదు, రావాల్సింది రాలేదని బాధ. దాంతో ఎవరికి వాళ్ళు స్పెక్యులేటర్లు అయిపోయారు. రొయ్య కొనడం, ఒలవడం, గడ్డకట్టించడం పక్కకిపోయి డాలరు జాతకం చూడడమే అసలు పనైంది.


లెక్కలమాస్టారు

నువ్వు చెప్పిన రోగం గురించి పెద్దవాళ్ళు ఎప్పుడో రాశారు బాబూ. మొన్న 2025లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఫిలిప్ అగియాన్ ఒకడు. ఆయన ఇంకో ముగ్గురితో కలిసి 2009లో ఒక పరిశోధన అచ్చు వేశాడు. మారకం రేటు ఊగిసలాట వల్ల ఉత్పాదకత పెరుగుదల దెబ్బతింటుందా లేదా అన్నది ఆ దేశంలో అప్పు సౌకర్యం ఎంత బాగుందన్నదాన్ని బట్టి ఉంటుందని తేల్చారు. బ్యాంకులు, మార్కెట్లు గట్టిగా ఉన్నచోట కంపెనీలు ఒక దెబ్బని అప్పుతో కాచుకుని, కొత్త యంత్రం, కొత్త పద్ధతి మీద పెట్టుబడి ఆపవు. అవి లేనిచోట లాభం ఒక్క మూడు నెలలు పడిపోగానే ముందు కోసేది ఆ పెట్టుబడినే.

ఎంత దిగింది అన్నదానికంటే ఎంత ఊగుతోంది అన్నదే చూడండి. 1991 జులైలో రెండు రోజుల తేడాలో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించి డాలరుని 21 నుంచి 26కి తెచ్చారు. పెద్ద దెబ్బే, కానీ తగ్గించింది ఇంత అని అందరికీ తెలిసింది. 2013లో మే నుంచి ఆగస్టు దాకా 55 దగ్గర నుంచి 68కి పోయిన నాలుగు నెలలు ఎవరికీ రేపు తెలియదు. రేటు ఎంతైనా అలవాటు పడతాం, రోజూ మారితే ఎవడూ ఇటుక మీద ఇటుక పెట్టడు.


నలభైకౌంట్

యంత్రం అన్నారు కాబట్టి ఇది చెప్పాలి మాస్టారూ. మాకు ఒక ఐక్యూఎఫ్ లైను కావాలి, రొయ్యని దేనికదే విడిగా గడ్డకట్టించేది. యూరప్ నుంచి కొటేషన్, నాలుగు లక్షల యూరోలు. జనవరిలో అడిగినప్పుడు యూరో 89 దగ్గరుంది, 3 కోట్ల 56 లక్షలు. రూపాయి కాస్త బలపడ్డాక తీసుకుందాం అన్నారు. ఇప్పుడు యూరో 105. అంటే 4 కోట్ల 20 లక్షలు. డాలరు ఈ ఏడాదిలో అయిదు శాతం పెరిగితే యూరో పద్దెనిమిది పెరిగింది. మా సంపాదన డాలర్లలో, యంత్రం యూరోల్లో. దీనికి ఏ ఫార్వర్డూ బుక్ చేయలేదు, ఎవరికీ తట్టనే లేదు. పాత ఫ్రీజరు రోజుకి రెండుసార్లు మంచు కరిగించడానికి ఆపాలి. ఆపిన ప్రతిసారీ గంటన్నర.


ఉప్పుటేరురైతు

అరవై నాలుగు లక్షలు చూస్తూ చూస్తూ పోయాయన్నమాట. మేము చెరువు నీళ్ళకి గాలి పెట్టే ఏరియేటరు మోటారు కాలిపోతే రేటు తగ్గేదాకా ఆగం. ఆగితే తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలుతుంది.


గట్టుమీదగాలి

సరే, నా మాట కొంచెం మార్చుకుంటున్నా. కానీ ఒకటి చెప్పండి, 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం టారిఫ్ వేసింది కదా. రూపాయి ఈ మాత్రం కూడా పడకపోతే మీ ప్లాంట్లు ఎన్ని మూసేసేవాళ్ళు? ఆ మేరకి కాపాడింది కదా.


బల్లనంబర్7

కాపాడింది. మా ఓనరు ఆ మాట రోజూ అంటాడు. పనిరోజులు మాత్రం వారానికి అయిదుకి తగ్గాయి.


లేసుఅల్లిక

గట్టుమీదగాలి గారు, నొప్పికి మాత్ర వేసుకుంటే తగ్గినట్టుంటుంది, కాదనను. మా కొనుగోలుదారు మొన్న మళ్ళీ మెయిల్ పెట్టాడు, ఈసారి సబ్జెక్టు లైన్లోనే "90" అని ఉంది.


నలభైకౌంట్

లెక్క తీశాను. నాలుగు రోజులన్నాను, వారం పట్టింది, క్షమించండి.

హెడ్‌లెస్: నిరుడు మనిషి గంటకి ఎంతో ఇప్పుడూ అంతే, దశాంశం కూడా తేడా లేదు. పీల్డ్: కొంచెం తగ్గింది. ఏ రోజుల్లో తగ్గిందో చూస్తే తొమ్మిది రోజులు దొరికాయి, ఆ తొమ్మిదీ సరుకు ఆలస్యంగా వచ్చినవో సగం పూటకి వచ్చినవో. అవి తీసేస్తే పీల్డ్ కూడా సమానం. అంటే బల్లల దగ్గర ఎవరి చెయ్యీ మందగించలేదు. ఆ తొమ్మిదిలో అయిదు రోజులకి పర్చేజు వాళ్ళ డైరీలో ఒకటే మాట రాసుంది: "రేటు చూద్దాం."

ఈ కాగితం ఓనరుగారికి ఇచ్చాను. రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి, బాగుందోయ్, కానీ బ్యాంకువాళ్ళకి మాత్రం మేనేజరుగారి ఆరు శాతం బొమ్మే పంపు అన్నారు. ఐక్యూఎఫ్ కొటేషన్ గడువు శుక్రవారంతో అయిపోయింది. కొత్తది అడగమన్నారు, అడిగాను.


ఉప్పుటేరురైతు

మళ్ళీ యూరోల్లోనేనా?


నలభైకౌంట్

యూరోల్లోనే బాబాయ్. ఈసారి రేటు పదిహేను రోజులకే అని కింద రాశారు.